ఇంగ్లీషు మాటలలో జనన మరణములు

ఈ సాయంకాలము మీకు కొన్ని ఇంగ్లీషు మాటల వంశచరిత్రను మనవి చేయదలచితిని. ఆ భాషతో మాకేమి పని యని మీరనుకొనవచ్చును. మీకు లేకున్నను మీ మనుమలకు దానితో పని కలదు. ఆ పనిలో వారికి మీవంటి పెద్దలే తోడుపడగలరని నా నమ్మకము. ఆ నమ్మకము నాకెట్లు కలిగినదో మొదట చెప్పెదను.

నేను హైస్కూలులో చదువుకొను దినములలో ఒక వకీలుగారి నోటీసు ఇంగ్లీషులో మా యింటికి వచ్చినది. మా రెండెకరముల మాగాణి అప్పటికి చాలయేండ్లుగా తాకట్టులో నుండెను. మా తాతగారు కళ్లజోడు తుడుచుకొని, ఆ కాగితము నా చేతికిచ్చి, "ఇదేమిటో చదవరా అబ్బాయీ" అనిరి. చదివితిని. అందులో మార్ట్‌గేజి అను మాట పలుమారులు కానవచ్చెను. "ఆ మాటకు అర్థమేమిరా?" అని యడిగిరి. నేను దాని అక్షరములను తప్పులేకుండ వల్లించితిని. "అక్షరాలు కాదురా, అర్థము" అనిరి. నాకు నోరు పెగలలేదు. వందలకొలది మాటలు కంఠస్థము చేసిన నేను, మా పొలము గతి తేల్చు మాటకు అర్థము చెప్పజాలకపోతిని. ఆ రాత్రి తాతగారు అన్నము ముట్టలేదు.

మరునాడు మా ఇంగ్లీషు మేష్టారు ఆ మాటను విడదీసి చెప్పిరి. మార్ట్ అనగా చచ్చినది. గేజి అనగా కుదువ. ఇది పాత ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషు న్యాయస్థానములకు వచ్చిన మాట. అప్పు తీర్చనిచో భూమి అప్పుపడినవానికి చచ్చినట్లే. తీర్చినచో ఆ కుదువ ఋణదాతకు చచ్చినట్లే. ఎడ్వర్డ్ కోక్ అను న్యాయవేత్త 1628లో అచ్చయిన గ్రంథమున ఇట్లే వివరించెను. బాకీ చెల్లించి ఆస్తిని విడిపించుకొను హక్కును మన దేశమున 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 60వ సెక్షనులో చెప్పినది. ఆ విడుదలకు రిడెంప్షన్ అని పేరు. క్రైస్తవులు ఆత్మ విమోచనమునకు వాడుమాటయు అదియే.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా తాతగారు, "అట్లయితే చచ్చినదానికి మరుజన్మ మున్నదన్నమాట" అనిరి. ఆ నోటీసు చావుకబురు కాదు, గడువు చెప్పు కాగితమని మాకు అప్పుడు తెలిసినది. నాయనమ్మ కాసులపేరు అమ్మి, గడువులోపల బాకీ చెల్లించి, మాగాణి విడిపించుకొంటిమి.

కాని తాతగారు అంతటితో ఊరకుండలేదు. "మార్ట్ అంటే చావా? మన మృత్యువు కూడ అట్లే పలుకుచున్నదే!" అనిరి. ఇంగ్లీషు అక్షరమైన రాని ఆయన చెవికి తగిలిన ఈ పోలికనే పూర్వమొక మహాపండితుడు లోకమునకు చాటెను. కలకత్తా సుప్రీముకోర్టు న్యాయాధిపతి సర్ విలియం జోన్సు 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, 1786లో ఆ సభయందు, సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒక్క మూలమునుండి పుట్టియుండవలెనని ఉపన్యసించెను. పిమ్మటి పండితులు దానిని శోధించి స్థిరపరచిరి.

ఆ చుట్టరికమును చూడుడు. మన మృత శబ్దమునకు లాటిను మార్స్, ఇంగ్లీషు మర్డర్ జ్ఞాతులు. అమృతమునకు గ్రీకుల దేవతాహారమగు అంబ్రోజియా తోబుట్టువు. రెంటికిని చావులేనిదనియే అర్థము. జీవ శబ్దమునకు లాటిను వివుస్, ఇంగ్లీషు క్విక్ దాయాదులు. క్విక్ అనగా నేడు వేగముగల దని వాడుక. పూర్వార్థము ప్రాణముగల దని. అందుచేతనే పాదరసమునకు క్విక్‌సిల్వర్, అనగా ప్రాణమున్న వెండి యని పేరు. లాటినులో వీటా అనగా జీవితము; 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు దానినుండియే విటమిన్ అను పేరు కల్పించెను. జన్మ శబ్దమునకు చుట్టమని చెప్పదగిన ఇంగ్లీషు మాట కిన్. దాని అర్థమే చుట్టములని! రినైజాన్స్ అను ఫ్రెంచి మాటకు మరల పుట్టుట యని అర్థము. ఐరోపాలో ప్రాచీన విద్యలు తిరిగి తలయెత్తిన కాలమునకు చరిత్రకారులు ఆ పేరు పెట్టిరి.

ఇచట ఒక హెచ్చరిక. పుట్టుక, బ్రతుకు, చావు అను మన యచ్చతెలుగు మాటలకు ఈ చుట్టరికము లేదు. 1816లో కేంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, అరవము, కన్నడములతో దానికి సాజాత్యము కలదనియు నిరూపించెను. కావున తెలుగువానికి రెండు నిధులు కలవు: ఒకటి తనది, రెండవది సంస్కృతమునుండి తెచ్చుకొన్నది. ఆ రెండవదానిలోనే ఇంగ్లీషు మాటలకు తాళపుచెవి యున్నది.

ఆ తాళపుచెవి మీ చేతిలో నున్నదని నా మనవి. సావిత్రి కథ మీకు రానిది కాదు. ఎఱ్ఱాప్రగడ తెలిగించిన అరణ్యపర్వ భాగములోనిది. ఆ కథ చెప్పుచు నడుమ నడుమ పిల్లవానిని మాట లడుగుడు. సత్యవంతుడు మర్త్యుడు: మార్టల్. యముడు అమర్త్యుడు: ఇమ్మార్టల్. పోయిన ప్రాణము మరల వచ్చుట: రివైవ్. మాట వానికి తెలిసియుండును; దాని ప్రాణము మీరు చెప్పిన కథలో దొరకును. అట్లు నేర్చినది పరీక్ష ముగియగనే చావదు. తోరు దత్ అను వంగదేశపు యువతి ఈ కథనే ఇంగ్లీషు పద్యములుగా వ్రాసి, 1877లో ఇరువదియొకటవ యేట మరణించెను. ఆ పద్యములు 1882లో లండనులో అచ్చయి నేటికిని చదువబడుచున్నవి.

మా తాతగారు తుదివరకు ఇంగ్లీషు నేర్వలేదు. అయినను నాకు ఆ భాషపై భయము పోగొట్టినవారు ఆయనయే. మీ మనుమడు పుస్తకము ముందర బిక్కమొగముతో కూర్చున్నప్పుడు, నాకు రాదని లేచిపోకుడు. ఒక మాట అర్థమడుగుడు, ఒక కథ చెప్పుడు. ఇక సెలవు.