'దిద్దుబాటు'లో అగ్గిపుల్ల వెలుగు: పాఠకుని తాదాత్మ్యం

1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో వెలువడిన గురజాడ అప్పారావు 'దిద్దుబాటు'పై చర్చ చాలాకాలం రెండు అంశాల చుట్టూ తిరిగింది. ఇది తొలి తెలుగు కథా కాదా అన్నది ఒకటి. సానిమేళాల నిరసన, స్త్రీవిద్య అనే సంస్కరణాంశాలు రెండవది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' (1902) చర్చలోకి వచ్చాక మొదటి ప్రశ్నకు పూర్వపు పట్టు లేదు. రెండవదానికి కథే అక్కరలేదు, ఉపన్యాసం చాలు. అయినా పాఠకుడు ఈ కథలో ఎందుకు లీనమవుతాడన్నది విడిగా విచారించవలసిన విషయం.

కథ మూసి ఉన్న తలుపు ముందు పిలుపుతో మొదలవుతుంది. పిలిచినది ఎవరో కథకుడు పరిచయం చేయడు. లోపల గడియారం ఒంటిగంట కొడుతుంది. ఆ ఒక్క చప్పుడుతో వేళ తెలుస్తుంది, గోపాలరావు ఆలస్యం తెలుస్తుంది, జవాబు రాని ఇంటిపై శంక పుడుతుంది. నడవలో దీపం లేదు. పడకగదిలో అతడు అగ్గిపుల్ల గీసి చూస్తాడు. మంచం మీద కమలిని కనిపించదు. ఇక్కడ గమనించవలసింది వెలుగు పరిమితి. అది మంచం పైభాగాన్నే చూపింది. మంచం కింద ఏమున్నదో గోపాలరావుకు తెలియదు, పాఠకునికీ తెలియదు. కథకునికి తెలిసినా చెప్పడు. భర్త తప్పును అసహ్యించుకుంటూనే పాఠకుడు అతని కళ్లతోనే వెదకవలసి వస్తుంది. కథలోని ఉద్వేగానికి మూలం ఈ ఇరకాటమేనని నా అభిప్రాయం.

తరువాత ఉత్తరం. ఎదుట లేని కమలినికి అక్కడే పూర్తి స్వరం దక్కింది. ఆమె నిందించదు, తాను ఇంట ఉన్నందువల్లే భర్త అబద్ధాలాడవలసి వస్తున్నదని తప్పును తనమీద వేసుకుంటుంది. ఆ వినయంలోని ధ్వని నిష్ఠురం కన్నా పదునైనది. దీనితో పోలిస్తే రాముడి ముందు గోపాలరావు వెళ్లబోసుకునే పశ్చాత్తాపం కొంత వాచ్యమైపోయింది. భావాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని ఆలంకారికులు స్వశబ్దవాచ్యమనే దోషంగా ఎంచారు. ఈ ఘట్టం దానికి దూరంగా లేదు. అయితే కొట్టిన చేతితోనే రాముడిని బుజ్జగించడం, రాముడి పలుకులోని స్థానిక యాస ఆ బరువును తేలిక చేస్తాయి.

ఇటువంటి పరిశీలనకు ఏ పాఠాన్ని ఎదుట పెట్టుకున్నామన్నది చిన్న విషయం కాదు. 'ఆంధ్రభారతి' పాఠానికీ తరువాతి సంకలనాల పాఠానికీ భాషలో భేదాలున్నాయి. గడియారపు చప్పుడు వంటి సూక్ష్మాంశాలపై తీర్పు చెప్పేవారు 1910 నాటి పాఠాన్ని సరిచూడక తప్పదు.

చివర మంచం కింది నుంచి నవ్వు, గాజుల చప్పుడు. ఇది దుఃఖాన్ని వేళాకోళం చేసిందనే ఆక్షేపణకు అవకాశముంది. కాని ఉత్తరంలోని మాటలేవీ ఆ నవ్వుతో అబద్ధం కాలేదు. కమలిని పుట్టింటికి వెళ్లలేదన్నది ఒక్కటే తేలింది.