ఫ్లోర్ మీద లేని మా ఇల్లు

బొంబాయి బాంద్రాలో మెహబూబ్ ఖాన్ 1954లో స్టూడియో కట్టాడు. నాలుగు గోడలు, ఎత్తయిన కప్పు, లోపల ఖాళీ ఫ్లోరు. అక్కడ లైట్లు వెలిగితేనే పగలు. వడ్రంగి, మేస్త్రి, రంగులవాడు కలిస్తే ఆ ఖాళీలో ఊరు లేస్తుంది, కోట లేస్తుంది.

1957 నాటి 'మదర్ ఇండియా'ను మెహబూబ్ కొంత ఈ ఫ్లోర్ల మీద, కొంత ఊళ్ళల్లో తీశాడు. రాధగా నర్గీస్. పాటలు షకీల్ బదాయూనీ, సంగీతం నౌషాద్. ఈ దేశానికి తల్లి బొమ్మ గీసిన చేతుల్లో ఇన్ని మా చేతులే. అయినా దేశభక్తికి రుజువు చూపమని మమ్మల్నే అడుగుతారు!

మరి మా ఇల్లు? 1960లో విడుదలైన 'మొఘల్-ఎ-ఆజమ్' కోసం మోహన్ స్టూడియోలో కె. ఆసిఫ్ అద్దాల శీష్‌మహల్ వేయించాడు. ఆ అందం మాకూ ఇష్టమే. కానీ ఫ్లోర్ల మీద ముస్లిం అంటే నవాబు, తవాయిఫ్, ఖవ్వాలీ అయి కూర్చుంది. దూదేకే బాబాయికి, పంక్చర్లేసే భాయికి, బీడీలు చుట్టే అమ్మీకి సెట్టు వేసిందెవరు?

ఎం.ఎస్. సత్యు కెమెరాను ఆగ్రా గల్లీల్లోకి తీసుకెళ్ళాడు. 1974లో విడుదలైన 'గర్మ్ హవా'లో జోళ్ళ కార్ఖానా నడిపే సలీం మీర్జా, దేశ విభజన తర్వాత తాతల నాటి హవేలీ పోగొట్టుకుంటాడు. మా బతుకు కనబడాలంటే కెమెరా స్టూడియో గేటు దాటాల్సివచ్చింది.

షూటింగ్ అయ్యాక సెట్టు విప్పేస్తారు. మేముంటున్నది సెట్టులో కాదు, విప్పుకుని పొమ్మనడానికి.