ఐక్ టర్నర్ పాడని ఆల్బమ్

బ్లాక్ కీస్ అంటే ఇద్దరే. గిటార్ వాయిస్తూ పాడే డాన్ ఆర్బాక్, డ్రమ్స్ మీద పాట్రిక్ కార్నీ. ఊరు ఒహాయోలోని ఏక్రన్. ఒకప్పుడు టైర్లకి పేరుమోసి, తర్వాత ఫ్యాక్టరీలు మూతబడ్డ ఊరు. 2003లో వచ్చిన ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ చాలావరకు కార్నీ ఇంటి బేస్‌మెంట్‌లో, 14 గంటల ఒకే సిటింగ్‌లో రికార్డయింది. 2004 నాటి ‘రబ్బర్ ఫ్యాక్టరీ’ని అలా మూతబడ్డ ఓ టైర్ల ఫ్యాక్టరీలోనే చేశారు. రాత్రిళ్లు కోడ్ రాస్తూ హెడ్‌ఫోన్స్‌లో నేను అలవాటు పడింది ఆ గరగరకే.

అందుకే 2008 నాటి ‘అటాక్ అండ్ రిలీజ్’ మొదట నచ్చలేదు. బాంజో ఏంటి, ఫ్లూట్ ఏంటి, వెనకాల మంచు కమ్మినట్టు ఆ కీబోర్డ్ ఏంటి అనిపించింది. ప్రొఫెషనల్ స్టూడియోలో, బయటి ప్రొడ్యూసర్‌తో వాళ్లు చేసిన మొదటి ఆల్బమ్ అది. ప్రొడ్యూసర్ డేంజర్ మౌస్.

అసలు కథ తర్వాత తెలిసింది. ఐక్ టర్నర్‌తో ఓ ఆల్బమ్ చేయాలనుకున్న డేంజర్ మౌస్, దానికి పాటలు రాయమని వీళ్లని అడిగాడు. అది ముందుకు సాగలేదు. ఆ పాటల ప్రయత్నమే ఈ ఆల్బమ్‌కి పునాది అయింది. 2007 డిసెంబర్ 12న ఐక్ చనిపోయాడు. నాలుగు నెలలకి ఆల్బమ్ వచ్చింది.

ఐక్ ఎవరు? 1951లో మెంఫిస్‌లో ‘రాకెట్ 88’ వాయించిన బ్యాండ్ అతనిది. రాక్ అండ్ రోల్‌కి తొలి రికార్డు అదేనని చాలామంది అంటారు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. లేబుల్ మీద మాత్రం పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరుంది. టీనా టర్నర్‌ని ఏళ్ల తరబడి కొట్టినవాడూ ఇతనే. ఆమె 1986లో తన ఆత్మకథలో అదంతా చెప్పింది.

బ్లూస్ చరిత్రలో అప్పు ఎప్పుడూ ఒకవైపే నడిచింది: నల్లవాళ్ల పాట తెల్లవాళ్ల చేతికి. ఈ ఇద్దరూ అంతే. మిసిసిపీకి చెందిన జూనియర్ కింబ్రో పాటలతో 2006లో ఏకంగా ‘చూలహోమా’ అనే రికార్డే చేశారు. కింబ్రో 1998లోనే పోయాడు. బతికున్న ఓ పెద్దాయనకి తిరిగి పాట ఇచ్చే అవకాశం ఐక్ రూపంలో వచ్చింది. చేజారింది.

ఇప్పుడు ‘ఆల్ యూ ఎవర్ వాంటెడ్’ నెమ్మదిగా మొదలవుతుంటే, ఇంకో గొంతు కోసం ఖాళీ ఉంచినట్టు వినిపిస్తుంది. అది నా ఊహే కావచ్చు. ఆ గొంతు లేదని బాధపడాలా? టీనా గుర్తొస్తే బాధపడలేను. ‘రాకెట్ 88’ గుర్తొస్తే బాధపడకుండా ఉండలేను.

మా ఆఫీసులో రిలీజ్ అంటే పని అయిపోయి బయటికి వెళ్లిపోవడం. రికార్డింగ్ కంప్రెసర్‌లో అర్థం వేరు. శబ్దం పెరిగినప్పుడు ఎంత త్వరగా పట్టుకోవాలో అటాక్. తగ్గాక ఎంతసేపటికి వదలాలో రిలీజ్. ఐక్ విషయంలో నాకు ఆ రెండో నాబ్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. ఆల్బమ్ మాత్రం మళ్లీ మళ్లీ వింటూనే ఉన్నాను.