మద్రాసున పుట్టిన వర్గీకరణము

పెద్దలు విడిచిపోయిన పాత పుస్తకముల పెట్టెను తెరచి సర్దబూనిన వారికెల్ల ఒక సందేహము కలుగును. ‘భారతి’ పత్రిక తొలి సంపుటమును ఏ వరుసలో నుంచవలెను? భాషను బట్టి తెలుగు వరుసలోనా? వెలువడిన ఊరును బట్టి మద్రాసు వరుసలోనా? 1924 అను కాలమును బట్టియా? గ్రంథమునకు ఒక్క గూడే యను నియమమున్నంతవరకు ఈ చిక్కు తీరదు.

ఆ 1924లోనే మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియుక్తులైన శియాళి రామామృత రంగనాథన్ గారు ఈ చిక్కును తమ జీవితసమస్యగా స్వీకరించిరి. 1892లో శియాళిలో జన్మించిన ఆయన అంతకుమునుపు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించిరి. గ్రంథాలయ శాస్త్రము నభ్యసించుటకై లండనుకు వెళ్లినపుడు అచ్చట నొక అంగడిలో మెకానో అను ఆటవస్తువును చూచిరి. కొన్ని రేకులు, చక్రములు, మరలతో కోరిన బొమ్మనెల్ల కూర్చవచ్చును. విషయములను గూడ నిట్లేల కూర్పరాదని ఆయనకు తోచెను.

అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి విషయములను ముందుగనే పేర్కొని సంఖ్యల నిచ్చినది. రంగనాథన్ గారు అట్లుగాక విషయమును పలు ముఖములుగా విడదీసిరి. 1933లో మద్రాసు గ్రంథాలయ సంఘము ప్రచురించిన ‘కోలన్ వర్గీకరణము’ ఈ మార్గమును తెలిపెను. ముఖముల నడుమ నుంచిన రెండు చుక్కల గుర్తే ఆ పేరునకు కారణము. తరువాతి కాలమున ఆయన ముఖములనన్నిటిని ప్రధానవస్తువు, ద్రవ్యము, క్రియ, దేశము, కాలము అను ఐదింటిలో నిమిడ్చిరి. “1950 నాటి మద్రాసు ప్రభుత్వ గ్రంథాలయములందలి తాళపత్రముల సూచీకరణము” అనునపుడు గ్రంథాలయము ప్రధానవస్తువు, తాళపత్రము ద్రవ్యము, సూచీకరణము క్రియ. మద్రాసు దేశము, 1950 కాలము.

నేడు అంతర్జాలమందలి అపార సమాచారమునకు కంప్యూటర్లు తమంతట తామే ఇట్టి వ్యవస్థను కూర్చ యత్నించుచున్నవి. వస్తువులను, వాని జాతులను, పరస్పర సంబంధములను తెలుపు ఆ కూర్పునకు ఆంటాలజీ యని పేరు. మార్టీ హర్స్ట్ అను విదుషి 1992లో ఆంగ్లమునకు చూపిన ఉపాయమును మన భాషలో చెప్పినచో, “వీణ మొదలగు వాద్యములు” అను మాటను చదివి యంత్రము వీణ యొక వాద్యమని గ్రహించును. అది పొరపడుటయు గలదు. కావున పండితుల పరిశీలన తప్పదు.

చెన్నైలో తరతరములుగా నివసించుచున్న మనకిది పరాయి విషయము గాదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడిన పిమ్మట మన భాష యొక గూటిలోను, మన ఊరు వేరొక గూటిలోను పడినవి. ఒక్క గూటి లెక్కలో మనము సగమే కనబడుదుము. ముఖముల లెక్కలో భాష తెలుగు, ఊరు చెన్నై; రెండును నిలుచును.

అయితే యంత్రము వ్రాసిన దానినే చదువును. మన ఇండ్ల చరిత్ర, మన వీథుల చరిత్ర వ్రాతలోనికి రానిచో ఎంత గొప్ప వర్గీకరణమైనను మనకు చోటు చూపజాలదు. కావున ఆ పెట్టెలోని ప్రతి పుస్తకమునకు రచయిత, ముద్రణాలయము, ఊరు, సంవత్సరము అను నాలుగింటిని నేడే వ్రాసియుంచుదము. అది ఎవరింట నుండెనో, ఎవరు చదివిరో తెలిసినచో దానిని గూడ చేర్చుదము.