రాతి మీద పేరు

సమాధి మీద చెక్కే మాటల్ని ఇంగ్లీషులో ‘ఎపిటాఫ్’ అంటారు. తెలుగులో సమాధి లేఖనం అనుకోవాలి. దహనం చేసి అస్థికలు నీళ్ళలో కలిపే ఇళ్ళవాళ్ళకి అంతకన్నా చనువైన మాట ఎక్కణ్ణుంచి వస్తుంది లెండి!

గ్రీకులో ‘ఎపి’ అంటే మీద, ‘టాఫోస్’ అంటే సమాధి. ఇంకేం, సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ తమాషా చూడండి. పాత గ్రీకువాళ్ళు రాతి మీద రాతని ‘ఎపిగ్రమ్మ’ అనేవారు. అదే ఇప్పుడు చమత్కారానికి పేరైన ‘ఎపిగ్రామ్’ అయి కూర్చుంది. ‘ఎపిటాఫియోస్’ మాత్రం యుద్ధంలో పోయినవాళ్ళ కోసం ఏథెన్సులో అందరి ముందూ చేసే ఉపన్యాసం. లాటిన్‌లో పుట్టినింటి గుణం కొంత మార్చుకుని, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరేసరికి ఆ నోటిమాట కాస్తా రాతిమాట అయింది.

ఆ ఉపన్యాసాల్లో పేరుపడ్డది క్రీ.పూ. 431లో పెరిక్లీస్ చేసింది. థుసిడిడీస్ తన చరిత్రలో రాసిపెట్టాడు. వీరుల్ని ఆకాశానికెత్తి, చివర్లో వాళ్ళ భార్యల వైపు తిరిగాడు మహానుభావుడు. మెచ్చుకోవడానికైనా సరే, తిట్టడానికైనా సరే, మగవాళ్ళ నోట మీ పేరు ఎంత తక్కువ వినిపిస్తే మీకంత కీర్తి అన్నాడట! మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషితో అనవలసిన మాటేనా అది?

రాళ్ళు అలా అనుకోలేదు. ఆయనకి నూరేళ్ళకి పైగా ముందే, ఏథెన్సుకి దగ్గర్లోని మెరెండాలో, పెళ్ళి కాకుండానే పోయిన ఫ్రాసిక్లేయా అనే పిల్లకి నిలువెత్తు పాలరాతి విగ్రహం పెట్టారు. పీఠం మీది రాతలో ఆ పిల్లే మాట్లాడుతుంది. తననెప్పుడూ కన్య అనే పిలుస్తారనీ, పెళ్ళికి బదులు దేవతలు తనకిచ్చింది ఆ పేరేననీ చెప్పుకుంటుంది. చెక్కిన అరిస్టియోన్ తన పేరూ పక్కనే వేసుకున్నాడు, ఊరుకోలేదు. ఆ రాతలో ‘టాఫోస్’ లేదు. ‘సెమ’ అని ఉంది. సమాధికీ గుర్తుకీ గ్రీకులో అదొకటే మాట.

ఇంకో సంగతి. గ్రీకులో కీర్తిని ‘క్లెయోస్’ అంటారు. పెరిక్లీస్ పేరులోనూ అదే ఉంది, ఈ పిల్ల పేరులోనూ అదే ఉంది.

పీఠం చాలాకాలం అక్కడి చర్చి కట్టడంలో ఓ రాయిగా ఉండిపోయింది. విగ్రహం 1972లో మట్టిలోంచి బయటపడింది. ఇప్పుడు రెండూ ఏథెన్సు జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. ఆమె తలమీద పూలకిరీటం, మెడలో హారం, చేతిలో విచ్చుకోని తామరమొగ్గ. బట్టల మీది ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు.