తెలుగు నేలపై రోమన్ వెండి నాణేలు

ప్రాచీన రోమన్ సామ్రాజ్యంలో చెలామణి అయిన ప్రధాన వెండి నాణెం దెనారియస్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పలుచోట్ల ఇవి నిక్షేపాలుగా దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా బయటపడ్డాయి. కరీంనగర్ ప్రాంతంలోని నస్తుల్లాపూర్‌లోనూ లభించాయి. దక్షిణ భారత నిక్షేపాల్లో అగస్టస్ (క్రీ.పూ. 27–క్రీ.శ. 14), టైబీరియస్ (క్రీ.శ. 14–37) చక్రవర్తుల నాణేలదే పెద్ద వాటా.

బొమ్మా బొరుసూ

అగస్టస్ నాణెం బొమ్మవైపు లారెల్ ఆకుల దండ ధరించిన చక్రవర్తి శిరస్సు ఉంటుంది. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు ఆయనను దైవత్వం పొందిన సీజర్ కుమారుడిగా, దేశపితగా కీర్తిస్తాయి. బొరుసుపై దత్తపుత్రులు గైయస్, లూసియస్ నిలబడి ఉంటారు. వారి మధ్య డాళ్లు, ఈటెలు, పైన పూజాసామగ్రి కనిపిస్తాయి. వారసులెవరో సామ్రాజ్యమంతటికీ తెలిపే ప్రకటన అది. టైబీరియస్ నాణెం బొరుసుపై ఆసీనురాలైన స్త్రీ ఒక చేత దండం, మరో చేత కొమ్మ పట్టుకుని ఉంటుంది. ఆమెను చక్రవర్తి తల్లి లివియాగా పలువురు పండితులు గుర్తిస్తారు.

ఇక్కడికి ఎందుకు వచ్చాయి?

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికా గ్రంథం ‘పెరిప్లస్’ తూర్పు తీరంలోని మసాలియాలో సన్నని నూలు వస్త్రాలు విరివిగా నేసేవారని చెబుతుంది. ఇలాంటి సరకులు పంపి భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌ల రోమన్ ధనాన్ని హరిస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు.

క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దెనారియస్ బరువునూ వెండి శాతాన్నీ తగ్గించాడు. మన నిక్షేపాల్లో అంతకు ముందరి నాణేలే అధికం. ఇక్కడి వర్తకులు రాజముఖం కన్నా వెండి నాణ్యతనే చూశారనడానికి ఇది బలమైన ఆధారం. అయితే ఆ బొమ్మలు జనాన్ని ఆకట్టుకోలేదనుకోరాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను అనుకరించిన మట్టి బిళ్ళలు లభించాయి.

పరిరక్షణ

నిక్షేపంలోని నాణేలు కలిసి ఉన్నప్పుడే దాన్ని ఏ కాలంలో దాచారో అంచనా వేయగలం. విడివిడిగా అమ్మినా, కరిగించినా ఆ ఆధారం శాశ్వతంగా పోతుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పొలంలోనో పునాదిలోనో పాత నాణేలు కనబడినవారు వాటిని తోమకుండా, పంచుకోకుండా అధికారులకు అప్పగించాలి.