ఇనుప పొగయోడల పరీక్ష

కొయ్య ఓడ ఎన్నాళ్లు మన్నునో చెప్పుట పెద్దలకు కష్టము కాదు. ఏ కలప ఎన్నేండ్లు నిలుచునో, ఏ సంధిలో నీరు నిలిచి ఏ దూలము ముందుగా పుచ్చునో తరతరముల అనుభవమువలన వడ్రంగులకు తెలిసియుండెను. ఆ అనుభవమునే ఆధారముగా గొని లండనులోని లాయిడ్స్ రిజిస్టరు సంస్థ ఒక్కొక్క ఓడకు ఇన్నేండ్లు మొదటి తరగతి యని గడువు కట్టుచుండెను. కాని 1822లో ఆరన్ మాన్బీ అను ఇనుప పొగయోడ సముద్రము దాటి, సేను నదిమీదుగా పారిసు చేరిన నాటికి, ఇనుము ఉప్పునీటిలో ఎంతకాలము నిలుచునో చెప్పగలవారు ఎవ్వరును లేకుండిరి. 1837లో సిరియస్ అను నౌకను తన పట్టికలో చేర్చుకొన్నప్పుడు, అది ఇనుముతో కట్టినదని ఆ సంస్థ ప్రత్యేకముగా వ్రాసికొనవలసివచ్చెను.

ఆ సందేహమును తీర్చినది గ్రంథము కాదు, ఒక ప్రమాదము. ఇంజనీరు బ్రూనెల్ రూపకల్పన చేసిన 322 అడుగుల గ్రేట్ బ్రిటన్ నౌక 1846లో ఐర్లండు తీరమున డండ్రం అఖాతపు ఇసుకలో చిక్కుకొని, ఒక శీతకాలమంతయు అలల తాకిడికి ఓర్చి, మరుసటి యేడు ఆగస్టులో మరల నీట తేలెను. ఇనుముపై విశ్వాసము కుదురుటకు ఇంతకు మించిన సాక్ష్యము వేరొకటి కలదని నేను తలంపను. 1855 నాటికి లాయిడ్స్ వారు ఇనుప ఓడలకు వేరుగా నిబంధనలు ప్రకటించి, రేకుల మందమునుబట్టి 6, 9, 12 ఏండ్ల తరగతులు ఏర్పరచిరి. 1854 నాటి బ్రిటిషు నౌకాచట్టము ప్రతి నౌకకును ఒక సంఖ్య నిచ్చి, దానిని ప్రధాన దూలముపై చెక్కింపజేసెను. ఓడల పరిమాణమును కొలుచు మూర్సం పద్ధతి ననుసరించి 100 ఘనపుటడుగుల లోపలి చోటును ఒక టన్నుగా లెక్కించెను.

అయినను పట్టికలోని అంకెకంటె పరీక్షకుని చేతి సుత్తియే నమ్మదగినది. బాయిలర్ల క్రింద, తడిసిన బొగ్గు నిలువచేయు అరల అడుగున, వేడియు తేమయు కలిసి ఇనుమును తినివేయు ఇరుకు తావులలోనికి అతడు దీపముతో ప్రాకి పోవలెను. సింధూరపు పూతను గోకి సుత్తితో తట్టినప్పుడు మంచి రేకు ఖంగున మ్రోగును. లోపల తరిగిన రేకు మూగవోవును. అనుమానము కలిగినచోట సన్నని రంధ్రము తొలిచి, మిగిలిన మందమును కొలిచి, ఆ రంధ్రమును మరల పూడ్చెదరు. పైకి నున్నగా కనబడు పూత క్రింద ఎంత ఇనుము మిగిలెనో తెలిసికొనుటకు ఆ కాలమున వేరు మార్గము లేకుండెను.

శతాబ్దము చివరకు ఉక్కు వచ్చి ఇనుమును త్రోసివేసెను. పాత ఓడలు కొన్ని ముక్కలుగా అమ్ముడుపోయెను, కొన్ని రేవులలో సరకు కొట్లయ్యెను. 1886లో తుపానుకు దెబ్బతిని ఫాక్లాండ్ దీవులు చేరిన గ్రేట్ బ్రిటన్ కూడ అట్లే కొట్టుగా మారి, 1937లో స్పారో కోవ్ అను చిన్న అఖాతమున విడువబడెను. నౌకాశిల్పి యూవన్ కార్లెట్ 1968లో అక్కడికి పోయి, పక్కన పైనుండి క్రిందికి దిగిన పగులును, మిగిలిన రేకులను పరీక్షించి, ఓడ ప్రయాణమునకు తాళునని నిర్ణయించెను. వెనుకటి పరీక్షకులు వెదకినదానినే అతడును వెదకెనని నా అభిప్రాయము. ఆశ మాత్రము వేరు: వారు ఓడ మరల సముద్రమునకు పోగలదా యని చూచిరి, అతడు ఇల్లు చేరగలదా యని చూచెను. ఆ దీవులవాసులు ఇచ్చిన పాత పరుపులను పగులులో కూరి, అడుగున తేలు వేదికను చేర్చి, వేలమైళ్లు లాగికొనివచ్చిరి. 1843 జూలై 19న నీట దిగిన ఆ ఓడ 1970 జూలై 19న, తాను పుట్టిన బ్రిస్టల్ గోదిలోనే మరల ప్రవేశించెను.

ఇనుపరేకుల సూక్ష్మరంధ్రములలో నిలిచిన సముద్రపుటుప్పు నేటికిని వానిని తినుచునే యున్నది. అందువలన నీటిగీత వద్ద గాజుపలకలు పరచి, వానిమీద పలుచగా నీరు నింపి, క్రింది గోదిలోని గాలి తేమను 20 శాతమునకు తగ్గించి, ఆ పొడి గాలిలో ఓడ అడుగుభాగమును కాపాడుచున్నారు.